మోకాలి మీద బల్బు

ఆ డ్రైవరు చేతులు చూసినవాళ్ళెవరూ వాటిలో సూది ఇముడుతుందని అనుకోరు. అరచెయ్యి తెరిస్తే పళ్ళెమంత. వేళ్ళేమో గేరు రాడ్డు పట్టి పట్టి కణుపులు తేలిన చెరుకుగడల్లా ఉంటాయి. అలాంటి చేతులతో అతను గుడ్డ మీద ఆకులూ, పిట్టలూ, పుచ్చకాయ ముక్కలూ కుట్టేవాడు. ఎవరూ చెయ్యమనలేదు, అమ్ముకునేదీ లేదు. చిన్నప్పుడు తమ్ముడు వీధుల్లో పడి తిరక్కుండా వాళ్ళక్క పక్కన కూచోబెట్టుకుని, ఓ సూదీ ఓ గుడ్డపీలికా చేతిలో పెట్టేది. అప్పుడంటుకున్న పిచ్చి అది. మీసాలొచ్చినా వదల్లేదు, మీసాలు నెరవడం మొదలైనా వదల్లేదు.

బస్సు చివరి స్టాపులో ఆగి జనం దిగిపోగానే సీటు కిందనుంచి బిస్కెట్ల రేకుడబ్బా బయటికొచ్చేది. అందులో రంగురంగుల దారం లచ్చీలు, గుండ్రటి చెక్క చట్రం, చిట్టి కత్తెర. కండక్టరు టీ గ్లాసుతో మెట్టెక్కి తొంగిచూసేవాడు.

"ఏం బావా, పిట్టకి రెక్కలొచ్చాయా?"

"ఒకటొచ్చింది. రెండోది ఎల్లుండికి."

"అందాకా ఒంటిరెక్కతో ఎట్లా ఎగురుతుంది పాపం?"

"ఎగరలేకే కదయ్యా నా దగ్గర పడుంది."

ఇంజను పక్కన కూచున్నంతసేపూ మనిషికి ఎముకల దాకా అదురుంటుంది. బస్సు దిగినా ఆ అదురు దిగదు. చట్రంలో బిగించిన గుడ్డలోకి సూది టప్పుమని దిగి, దాని వెనకాల దారం సర్రున సాగివస్తుంటే, అదిగో, అప్పుడు దిగేది. అందుకే అతనికి కుట్టుపని అంటే కడుపునిండా నిద్రపోయినంత సుఖం.

ఇంట్లో మాత్రం సుఖానికి ఒక మెలిక ఉంది.

అతను ఆలస్యంగా పెళ్ళి చేసుకున్నాడు. ఆవిడ ఆసుపత్రిలో నర్సు. ఆవిడకి మొదటి భర్త వల్ల తొమ్మిదేళ్ళ కూతురు. ఆ భర్త కరెంటు పని చేసేవాడు. పిల్ల బడికి వెళ్ళకముందే జబ్బు చేసి పోయాడు. పిల్లని అందరూ మిరియం అంటారు. ఆకారం అంత, ఘాటూ అంతే.

మిరియం కొత్త మనిషితో మాట్లాడదు. మాట్లాడాల్సిన అవసరం పడితే గోడకి చెబుతుంది.

"గోడా, గోడా! ఎవరో బకెట్టు అడ్డంగా పెట్టారు."

డ్రైవరు కూడా గోడకే జవాబిచ్చేవాడు. "గోడా, తీసేశానని చెప్పవే."

"మీ ఇద్దరి మధ్యా పడి ఆ గోడ పెచ్చులూడిపోతోంది," అనేది వాళ్ళమ్మ నవ్వి. నవ్వేది గానీ, కూతురు అన్నం పళ్ళెం తీసుకుని ఇంకో గదిలోకి వెళ్ళిపోయినప్పుడు ఆవిడ చెయ్యి గరిట మీదే ఆగిపోయేది. డ్రైవరు అది చూసేవాడు. అతనికి పెద్ద కోరికలేం లేవు. పిల్ల నాన్నా అనక్కర్లేదు. తను గదిలోకి రాగానే లేచి వెళ్ళిపోకుండా ఉంటే చాలు. ఉన్నచోటే ఉంటే చాలు.

ఆ మాత్రం అదృష్టాన్ని కూడా తన చేత్తోనే కాల్చుకున్నాడు.

ఒక సెలవురోజు, ఆవిడ డ్యూటీలో ఉండగా, ఉతికిన బట్టలన్నీ ఇస్త్రీ చేసేద్దామని కూచున్నాడు. మంచికే పోయాడు. తన ఖాకీలు, ఆవిడ తెల్లకోట్లు, పిల్ల బడి బట్టలు అన్నీ చేశాడు. అడుగున ఒక పెద్ద చేతిరుమాలు ఉంది. తెలుపు, అంచున నీలిగీత. దాన్ని పరుస్తుండగా పొయ్యి మీద పాలు పొంగాయి. వెనక్కి తిరిగి పొయ్యి కట్టేసి వచ్చేలోపు ఇస్త్రీపెట్టె ముక్కు రుమాలు మధ్యలో కూచుంది. పెట్టె తీసేసరికి బొటనవేలు దూరేంత చిల్లు, చుట్టూ గోధుమరంగు మచ్చ.

గుమ్మంలో మిరియం నిలబడి ఉంది.

అది వాళ్ళ నాన్నది. పిల్ల రోజూ తలగడ కింద పెట్టుకుని పడుకునే రుమాలు. మురికి పట్టిందని వాళ్ళమ్మ బతిమాలి బతిమాలి ఉతకడానికి తీసుకుంది. ఆ సంగతి డ్రైవరుకి తెలీదు. పిల్ల మొహం చూశాక తెలిసింది.

ఏడిస్తే బాగుండేది. ఏడవలేదు. వచ్చి రుమాలు తీసుకుని, మడతపెట్టుకుని వెళ్ళిపోయింది. ఆ రోజునుంచి గోడతో కూడా మాట్లాడ్డం మానేసింది.

"చిన్నపిల్ల, నాలుగు రోజులుంటే అదే మర్చిపోతుంది," అంది ఆవిడ.

"మర్చిపోయేదైతే తలగడ కింద ఎందుకు పెట్టుకుంటుంది?" అన్నాడు డ్రైవరు.

చిల్లు మూయడం అతనికో లెక్కా? వెనక ఒక గుడ్డ వేసి, పైన ఏదో ఒక బొమ్మ కుట్టేస్తే కాలిందని ఎవరూ పోల్చుకోలేరు. అడగడానికే నోరు రాలేదు. ఏ మొహం పెట్టుకుని అడుగుతాడు? చివరికి ఒక సాయంత్రం ముందుగదిలో కిటికీ పక్క బల్ల మీద కూచుని, గోడవైపు తిరిగి అన్నాడు.

"గోడా, ఆ రుమాలు ఇస్తే ఒక్క పూటలో బాగుచేసి పెడతానని చెప్పవే."

లోపల్నించి చప్పుడు లేదు. మర్నాడూ అంతే అన్నాడు. మూడోసారి కూడా అన్నాక, పిల్ల వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. రుమాలు ఛాతీకి అదుముకుని ఉంది. అతను చెయ్యి చాపాడు. టక్కున వెనక్కి లాక్కుంది.

"దీన్ని ఎవరూ ముట్టుకోకూడదు," అంది గోడతో.

డ్రైవరు చెయ్యి దించేశాడు. "నిజమే. ముట్టుకోకూడదు. అయితే నువ్వే కుట్టుకో. నేను ఇక్కణ్ణుంచి కదలకుండా చెబుతాను."

బల్లకి ఈ చివర డ్రైవరు, ఆ చివర మిరియం, మధ్యలో వాళ్ళ పిల్లి. అలా మొదలైంది చదువు.

మొదట పాత దుప్పటి ముక్క మీద. "లచ్చి చూడు, ఆరు పోగులుంటాయి. రెండే తీసుకో. ఒక్కోదాన్నే పైకి లాగు. రెండూ కలిపి లాగావంటే కోతిజుట్టు అయిపోతుంది." పిల్ల రెండూ కలిపే లాగింది. కోతిజుట్టే అయింది. డ్రైవరు నవ్వలేదు. ఇంకో లచ్చి దొర్లించాడు.

"దారం నీ మోచేతి దాకా చాలు. మళ్ళీమళ్ళీ ఎక్కించే బద్ధకానికి బారెడు తీసినవాడు, చిక్కు విప్పుకుంటూ పూటంతా కూచుంటాడు. దారాన్ని ఎంగిలి చెయ్యకు, సూది బెజ్జాన్ని తడుపు. ఆ తడే దారాన్ని లోపలికి లాక్కుంటుంది."

ఆ చిట్కా మిరియానికి నచ్చింది. పైకి ఒప్పుకోలేదు గానీ, నచ్చిందని నాలుక్కొన బయటపెట్టి బెజ్జంలోకి చూసే తీరులోనే తెలిసింది.

"ముడి వెయ్యకు. చివర కాస్త తోక వదిలి, దాన్ని కప్పుకుంటూ కుట్టుకుపో. ముడి వేశావంటే రేపు ఇస్త్రీ చేసేటప్పుడు బొడిపెలా..."

ఇస్త్రీ అనే మాట నోట్లోంచి జారిపోయింది. ఇద్దరూ చెరోవైపు చూశారు. పిల్లి ఒక్కటే ఆవులించింది.

పిల్ల చెయ్యి చురుకే. కాడకుట్టు మొదట వంకర పోయింది. "దారం ఎప్పుడూ ఒకవైపే ఉండాలి. ఒకసారి కుడి, ఒకసారి ఎడమ అయితే ఆ కాడ తాగి నడిచినట్టుంటుంది," అన్నాడతను. మిరియం మొహం పక్కకి తిప్పుకుంది. భుజాలు కదిలాయి. నవ్వింది, దొంగపిల్ల!

వాళ్ళమ్మ డ్యూటీ నుంచి వచ్చి చెప్పులు విప్పకుండానే గుమ్మంలో నిలబడి చూసింది. "నేనేదో రెండు పుంజులు కొట్టుకుంటుంటాయి అనుకుంటే, ఇక్కడ బడి నడుస్తోందే!"

"మాట్లాడించకు అమ్మా, లెక్క తప్పుతుంది," అంది మిరియం.

రుమాలు మీదికి వచ్చే రోజు వచ్చింది. "ఏం బొమ్మ వేస్తావ్? పువ్వా?" అనడిగాడు.

"పువ్వు ఎందుకు? మా నాన్న పువ్వులు పెట్టుకునేవాడా?" అంది గోడతో. ఆనక పెన్సిలుతో తనే గీసుకుంది. బల్బు. చిల్లు సరిగ్గా గాజుబుడ్డి నడుమ వచ్చేట్టు గీసింది. చుట్టూ వెలుగు గీతలు. డ్రైవరు దూరంనుంచే మెడ సాచి చూశాడు.

"దీన్ని చట్రంలో బిగించకు. పాతబట్ట. బిగిస్తే చిల్లు నోరు తెరుస్తుంది. మోకాలి మీద పరుచుకుని మెల్లగా కుట్టు. చిల్లు కింద ఈ తెల్లగుడ్డ ముక్క పెట్టి, అది జారకుండా నాలుగువైపులా దూరం దూరంగా పట్టు కుట్లు వేసుకో. పసుపుదారం ఆ గుడ్డలోకి దిగాలి. లేకపోతే గాలిలో కుట్టినట్టే."

మిరియం చెప్పినట్టే చేసింది. బుడ్డి అంచంతా కాడకుట్టు, అడుగున మూతికి గొలుసుకుట్టు. సాయంత్రానికి కాస్త చొప్పున నడిచింది. ఇక మిగిలింది నడుమ నింపడం. పసుపు.

ఆవేళ డ్రైవరుకి మధ్యాహ్నం డ్యూటీ. ఖాకీ ప్యాంటూ చొక్కా వేసుకుని తయారయ్యాడు. కండక్టరు మోటారుసైకిలు మీద వచ్చి కింద హారన్ కొడితే దిగాలి. ఈలోపు కాస్త వ్యవధి ఉందని బల్ల మీద కూచున్నాడు. పొద్దుటినుంచీ మబ్బు. వాళ్ళ బల్లకి ఆ చివర ఎప్పుడూ చీకటే, ఆవేళైతే మరీ. మిరియం సూదిలో పసుపు ఎక్కించడానికి మూడుసార్లు చూసింది, కుదరలేదు. విసుక్కుంది. లేచింది. పిల్లిని కిందికి దించింది. వచ్చి డ్రైవరు పక్కనే, కిటికీ వెలుగులో కూచుంది.



అంతటితో ఆగలేదు. మోకాళ్ళు ముడుచుకుని కూచోడానికి చోటు చాల్లేదేమో, రుమాలు తీసి అతని మోకాలి మీద పరిచింది. అది మోకాలని చూడలేదు, కాస్త వెడల్పాటి చెక్కలా ఉందని చూసింది, అంతే. తల వంచి కుట్టడం మొదలెట్టింది. నూనె రాసిన జడ అతని చెయ్యిని తాకుతోంది. డ్రైవరు విగ్రహమైపోయాడు. దోమ చెవి దగ్గర పాడుతుంటే పాడనిచ్చాడు.

అప్పుడు మోకాలికి చురుక్కుమంది.

మొదట ఏదో చీమ అనుకున్నాడు. మళ్ళీ చురుక్కు. దారం బట్టలోంచి లాగుతున్నట్టు తెలిసింది. కిందికి చూస్తే, నేల మీద తెల్లగుడ్డ ముక్క పడుంది. దాని మీద పిల్లి కూచుంది. అతనికి సంగతంతా అర్థమైంది. ముడి వెయ్యకు, ముడి వెయ్యకు అని తనే చెవిలో జోరీగలా చెప్పాడు. పిల్ల పట్టుకుట్లకి కూడా ముడి వెయ్యలేదు. తోకలు జారిపోయాయి, గుడ్డ ఊడిపోయింది. ఆ కిందిగుడ్డే అనుకుని పాపం ఇప్పుడది తన ప్యాంటుని కుట్టేస్తోంది.

చెప్పాలి. ఒక్క కుట్టే పడింది, ఇప్పుడే చెబితే లాగేయొచ్చు. నోరు తెరిచాడు.

చెబితే ఏమవుతుంది? ఉలిక్కిపడి లేస్తుంది. ఎక్కడ కూచుందో, ఎవరి మోకాలో అప్పుడు చూసుకుంటుంది. మూతి ముడుచుకుని ఆ చివరకి వెళ్ళిపోతుంది. మళ్ళీ ఎప్పుడు వస్తుందో, అసలు వస్తుందో రాదో.

నోరు మూసుకున్నాడు. తేలు కుట్టిన దొంగ అయితే ఒక్కసారే ఓర్చుకుంటాడు. డ్రైవరు కుట్టు కుట్టుకీ ఓర్చుకున్నాడు. ఇంకొక్కటి, ఇంకొక్కటి పడ్డాక చెబుదాం అనుకుంటూనే ఉన్నాడు. పసుపు ఒకదాని పక్కన ఒకటి పడుతోంది, ఇసుమంత సందు లేకుండా. ఎంత బాగా కుడుతోందో! అక్క చూస్తే తన నెత్తి మీద మొట్టి, చూసి నేర్చుకోరా అనేది.

కింద హారన్ మోగింది.

"బావోయ్! ముస్తాబు అయిందా, పల్లకీ పంపమంటావా?"

డ్రైవరు కదల్లేదు. మళ్ళీ హారన్. మిరియం తలెత్తి చూసి, దారి ఇద్దామని రుమాలు ఎత్తింది. రుమాలుతోబాటు ప్యాంటు లేచింది.

ఒకసారి లాగింది. రెండోసారి లాగి, వంగి కింద చూసింది. మొహం జేవురించింది.

"అయ్యో... ఇది... గుచ్చుకోలేదా?" గోడని కాదు. అతన్నే చూస్తోంది.

"గుచ్చుకుంది."

"మరి చెప్పొచ్చుగా!"

అబద్ధం చెప్పడానికి డ్రైవరుకి ఒక్క ముక్కా తోచలేదు. "చెబితే లేచి అటెళ్ళి కూచుంటావని."

మిరియం చూపు దించుకుంది. కిందనుంచి కండక్టరు హారన్ మీద చెయ్యి తియ్యడంలేదు. పిల్ల చిట్టి కత్తెర తీసుకుంది. "కుట్లు కోసేస్తాను. మళ్ళీ కుడతాను."

"వద్దు, ఆగు. పాతబట్ట తల్లీ. విప్పి మళ్ళీ కుడితే ఆ పోగులు నిలవవు. చిల్లు చెయ్యంత అవుతుంది." అతను కత్తెర అందుకోబోయి, ఆగి, అడిగాడు. "రుమాలు ముట్టుకోనులే. నా ప్యాంటు నేను కోసుకోనా?"

"అమ్మ తిడుతుంది!"

"మీ అమ్మ తిట్లు రేపటికి ఆరిపోతాయి."

ఆ పళ్ళెమంత చెయ్యి చిట్టి కత్తెరని పట్టుకుని, ఖాకీ ప్యాంటుని మోకాలి దగ్గర, రుమాలు అడుగున, కుట్లు పడ్డంత మేర గుండ్రంగా కత్తిరించింది. రుమాలు పిల్ల చేతికొచ్చింది, వెనకాల ఖాకీ బిళ్ళతో సహా. డ్రైవరు మోకాలు కిటికీలోంచి తొంగిచూసే ముసలాయనలా బయటపడింది. మిరియం చూసింది. నవ్వు ఆపుకోవాలని పెదవి కొరుక్కుంది. ఆగలేదు. పక్కున నవ్వింది.

"రేపు తీరిగ్గా ఆ ఖాకీని పోగుపోగూ తీసేసి, తెల్లగుడ్డ ఎలా వెయ్యాలో చెబుతాను," అంటూ చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుని దిగిపోయాడు. రెండో ప్యాంటు తాడు మీద తడిగా ఉంది మరి.

కండక్టరు మోకాలు చూశాడు. పై నుంచి కింది దాకా చూశాడు. "ఏం బావా, కుక్క కరిచిందా?"

"మిరియం కరిచింది."

"మందు వేయించుకున్నావా?"

"వద్దులేవయ్యా. ఉండనీ."

ఆ పూటంతా బస్సెక్కిన ప్రతివాళ్ళూ ఆ మోకాలికేసి చూశారు. ఒకావిడ జాలిపడి, ఇంట్లో సూదీ దారం లేవా నాయనా అని కూడా అడిగింది. కండక్టరు నవ్వలేక కడ్డీ పట్టుకుని కూలబడ్డాడు. డ్రైవరు మాత్రం గేరు మార్చినప్పుడల్లా గాలి తగిలే ఆ మోకాలిని చూసుకుని, ముందుకి తిరిగి హారన్ కొట్టేవాడు.

మర్నాడు పొద్దున అతను లేచేసరికి మబ్బు విడిపోయింది. ముందుగదిలో బల్లకి రెండు చివర్లా వెలుగే. మిరియం అప్పటికే కూచునుంది. ఒళ్ళో రుమాలు బోర్లా పడుంది. ఖాకీ ముక్క అంచులు కత్తెరతో బల్బు ఆకారానికి సరిగ్గా కత్తిరించి, పోగులు ఊడకుండా చుట్టూ కాజాకుట్టు వేస్తోంది. ఆ కుట్టు అతను నేర్పలేదు. అతని డబ్బాలోని పాత గుడ్డలు తిరగేసి చూసి పట్టుకున్నట్టుంది.

"తెల్లగుడ్డ వేద్దామన్నానుగా. ఖాకీ తీసేద్దాంలే, జాగ్రత్తగా తీస్తే వస్తుంది," అన్నాడు డ్రైవరు.

మిరియం తల ఎత్తలేదు. ముక్కని రెండు వేళ్ళతో పట్టుకుని లాగి చూసింది. వేలితో మీదనుంచి కిందికి రాసింది.

"అక్కర్లేదు. ఇది గట్టిగా ఉంది."

లోపల గిన్నెల చప్పుడు ఆగింది. వాళ్ళమ్మ వింటోందని డ్రైవరుకి తెలిసింది. ఏం మాట్లాడితే ఏమవుతుందోనని బల్ల మీద తన చివర మెల్లగా కూచున్నాడు.

"పసుపు ఇంకా ఇంత మిగిలింది," అంది మిరియం. లేచి, పిల్లిని దాటుకుని వచ్చి, అతని పక్కన కూచుంది. రుమాలు తిరగేసి అతని మోకాలి మీద పరిచింది. దాని కిందికి అరచెయ్యి దూర్చి, నాలుగువైపులా తడిమి చూసుకుని, చెయ్యి అక్కడే ఉంచి సూది గుచ్చింది.

"కదలకండి," అంది.